పాత ఫోటోను చదవడం: ఎక్స్‌పోజర్ సమస్యలు, వాటి చరిత్ర

1. ప్రస్తావన

చరిత్ర రచనకు శాసనాలు, నాణేలు, దస్తావేజులు, యాత్రికుల రాతలు ఆధారాలని ఇంతకు ముందు చదివారు. 1839 తర్వాతి కాలానికి వీటితోపాటు ఫోటో కూడా ఆధారంగా చేరుతుంది. శాసనాన్ని చదివేటప్పుడు మనం ఎంతో జాగ్రత్తగా ఉంటాం. లిపి ఏ కాలానిది, రాయి ఎక్కడ పగిలింది, చెక్కినవాడు ఏ అక్షరం వదిలేశాడు అని చూస్తాం. ఫోటో దగ్గరికి వచ్చేసరికి ఆ జాగ్రత్త సడలిపోతుంది. కళ్లకు కనిపిస్తున్నది కాబట్టి అది ఉన్నది ఉన్నట్టే ఉందనుకుంటాం.

ఫోటోకు కూడా లిపి లాంటిది ఒకటుంది. ఏ కాలపు పలక మీద తీశారు, దానికి ఎంత వెలుతురు కావలసి వచ్చింది, అది ఏ రంగును చూడగలిగింది, కెమెరాలో ఏ లోపం ఉంది అన్న సంగతులే ఆ లిపి. ఔత్సాహిక ఫోటోగ్రాఫర్లను మొదటి నుంచీ వేధించిన ఇబ్బందులు కూడా ఇవే. బొమ్మ నల్లబడటం, తెల్లబారటం, కదిలిపోవటం, తలలు తెగిపోవటం ఫోన్ కెమెరా పట్టుకున్న మీకూ తెలిసినవే. ఒక్కొక్క ఇబ్బందినీ ఎవరు, ఎప్పుడు, ఎలా తీర్చారో తెలిస్తే, అది తీరకముందు తీసిన ఫోటోను ఎలా చదవాలో తెలుస్తుంది. ఈ భాగం ఉద్దేశం అదే.

ముందుగా ఎక్స్‌పోజర్ అనే మాటను అర్థం చేసుకుందాం. కుళాయి కింద బిందె పెట్టారనుకోండి. బిందె సరిగ్గా నిండాలంటే మూడు సంగతులు చూసుకోవాలి. కుళాయి ఎంత తిప్పారు, ఎంతసేపు వదిలారు, బిందె ఎంత పెద్దది. కెమెరాలో కుళాయి తిప్పడం లాంటిది అపెర్చర్, అంటే లెన్స్ లోపలి రంధ్రం. ఎంతసేపు వదిలామన్నది షట్టర్ చెబుతుంది. బిందె సైజు ఫిల్మ్ వేగం. వేగం తక్కువ ఫిల్మ్ పెద్ద గంగాళం లాంటిది, నిండటానికి చాలాసేపు పడుతుంది. నీళ్లు తక్కువైతే బొమ్మ నల్లగా, ఎక్కువై పొర్లిపోతే తెల్లగా వస్తుంది. ఫోటోగ్రఫీ మొదటి అరవై ఏళ్ల సాంకేతిక చరిత్రలో అధిక భాగం ఆ గంగాళాన్ని చెంబుగా మార్చే ప్రయత్నమే.

2. ఖాళీ వీధి

ఫ్రాన్స్‌కు చెందిన లూయీ డాగేర్ తన పద్ధతిని 1839లో ప్రపంచానికి వెల్లడించాడు. వెండి పూత పూసిన రాగి రేకు మీద బొమ్మ పడే పద్ధతి అది. అంతకు కొంచెం ముందు, 1838 ప్రాంతంలో, పారిస్‌లోని బూలెవార్ద్ ద్యు తాంప్ల్ అనే రద్దీ వీధిని ఆయన ఎత్తైన కిటికీ నుంచి ఫోటో తీశాడు. చెట్లు, మేడలు, పొగగొట్టాలు స్పష్టంగా ఉన్నాయి. వీధి మాత్రం ఖాళీ. గుర్రబ్బండ్లు లేవు, జనం లేరు. ఒక మూల మాత్రం కాలు ఎత్తి పెట్టి బూట్లు పాలిష్ చేయించుకుంటున్న ఒక మనిషి ఆకారం కనిపిస్తుంది. పాలిష్ చేస్తున్న మనిషి జాడ కూడా మసకగా ఉంది.

రేకు మీద బొమ్మ పడటానికి కొన్ని నిమిషాలు పట్టింది. ఆ నిమిషాల్లో నడిచి వెళ్లిన ప్రతి ఒక్కరూ రేకు మీద జాడ పడకుండానే దాటిపోయారు. బూట్ల మనిషి ఒకచోట నిలబడ్డాడు కాబట్టి మిగిలాడు. ఈ ఒక్క ఫోటో నుంచి మీరు నేర్చుకోవలసిన సూత్రం ఇది: తొలి కాలపు ఫోటోలో ఒకటి కనిపించలేదంటే అది అక్కడ లేదని అర్థం కాదు, అది కదిలి ఉండవచ్చు.

ఇది పారిస్‌కు పరిమితమైన సంగతి అనుకోకండి. మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వం 1856లో లినీయస్ ట్రైప్ అనే సైనికాధికారిని అధికారిక ఫోటోగ్రాఫరుగా నియమించింది. మద్రాసులో ఫోటోగ్రాఫిక్ సొసైటీ ఏర్పడిందీ ఆ ఏడాదే. బొంబాయిలో 1854లోనే మొదలైంది. ట్రైప్ మదురై, తంజావూరు తదితర చోట్ల తీసిన ఆలయాల ఫోటోలు నేటికీ చూడముచ్చటగా ఉంటాయి. రాతి స్తంభం మీది చిన్న నగిషీ కూడా లెక్కపెట్టవచ్చు. అయితే ఆ మండపాల్లో మనుషులు చాలా అరుదు. అవి చూసి "అప్పటికి ఈ గుళ్లు పాడుబడి ఉన్నాయి" అని రాసే విద్యార్థులు ఉంటారు. పాడుబడిన ప్రాచీన వైభవం అనే ఊహ వలస పాలకులకు నచ్చిన ఊహే, కాదనను. కానీ ట్రైప్ ఎక్కువగా వాడింది మైనం పట్టించిన కాగితం నెగెటివ్. దానికి నిమిషాల కొద్దీ వెలుతురు కావాలి. పూజారి నడిచినా, భక్తులు ప్రదక్షిణ చేసినా కాగితం మీద మిగలరు. ఆ ఖాళీలో ట్రైప్ ఉద్దేశం ఎంత, కాగితం నెమ్మదితనం ఎంత అని రెండూ తూచి చూడాలి. ఒక్కటే చెబితే సగం జవాబే అవుతుంది.

ట్రైప్ ఫోటోల్లో ఇంకో విశేషం ఉంది. కొన్నింటిలో ఆకాశంలో మబ్బులు కనిపిస్తాయి. అవి నిజం మబ్బులు కావు, నెగెటివ్ మీద ఆయన రంగుతో దిద్దినవి. అప్పటి రసాయనాలు నీలం వెలుతురుకు అతిగా స్పందించేవి. కట్టడానికి సరిపడా వెలుతురు ఇస్తే నీలాకాశం పొర్లిపోయి తెల్ల కాగితంలా మిగిలేది. ఫ్రాన్స్‌లో గుస్తావ్ ల గ్రే అనే ఆయన 1850లలో దీనికి మరో ఉపాయం చేశాడు. సముద్రానికి ఒక నెగెటివ్, ఆకాశానికి ఒక నెగెటివ్ విడిగా తీసి, రెండింటినీ కలిపి ఒకే కాగితం మీద అచ్చువేశాడు. ఈనాటి ఫోన్ చీకటికీ వెలుతురుకూ వేర్వేరుగా తీసి క్షణంలో కలిపేసే పనీ ఇదే. కాబట్టి "దిద్దిన ఫోటో" అనగానే అది కంప్యూటర్ యుగం మాయ అనుకోవద్దు.

3. తడి పలక, ఎండ దేశం

1851లో ఇంగ్లండులో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ అనే శిల్పి గాజు పలక మీద కొల్లోడియన్ అనే జిగురు పూసి నెగెటివ్ తీసే పద్ధతిని ప్రకటించాడు. పేటెంటు తీసుకోలేదు. 1857లో పేదరికంలోనే చనిపోయాడు. ఆయన పద్ధతి ఎక్స్‌పోజర్‌ను నిమిషాల నుంచి సెకన్లకు తగ్గించింది. కానీ దానికి ఒక షరతు ఉంది. పలకకు జిగురు పూసి, వెండి లవణపు ద్రావణంలో ముంచి, తడి ఆరకముందే ఫోటో తీసి, తడి ఆరకముందే కడిగేయాలి. ఆరిపోయిందంటే పలక పనికిరాదు.

లండను చలిలో దీనికి కొన్ని నిమిషాల వ్యవధి దొరికేది. మన మే నెల ఎండలో ఈ పని ఊహించండి. కొల్లోడియన్‌లో ఉండేది ఈథర్. వేడికి అది ఇట్టే ఎగిరిపోతుంది. ఫోటోగ్రాఫర్ ఎక్కడికి వెళ్తే అక్కడికి చీకటి గుడారం వెళ్లాలి. ఆ గుడారంలో గాలి ఆడదు, ఈథర్ ఆవిరితో తల తిరుగుతుంది. గాజు పలకలు, సీసాలు, శుభ్రమైన నీళ్లు, గుడారం మొత్తం మోసేది కూలీలు. 1860లలో హిమాలయాల్లో తిరిగిన శామ్యూల్ బోర్న్ వెంట పదుల సంఖ్యలో కూలీలు నడిచారు. ఆ ఫోటోల కింద బోర్న్ పేరు ఉంటుంది. సామాను మోసినవాళ్ల పేర్లు ఎక్కడా ఉండవు. ఆధారాన్ని తయారు చేయడానికి ఎంతమంది శ్రమ కావలసి వచ్చిందో చూడటం కూడా ఆధారాన్ని చదవడంలో భాగమే.

ఇప్పుడు మన ప్రాంతానికి దగ్గరైన, మనసుకు కష్టం కలిగించే ఒక ఉదాహరణ చూద్దాం. 1876లో, ధాత నామ సంవత్సరంలో మొదలైన కరువు 1878 దాకా దక్షిణ భారతాన్ని పీడించింది. మద్రాసు ప్రెసిడెన్సీలోని బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు ఘోరంగా దెబ్బతిన్నాయి. ఆ కరువులో డబ్ల్యూ. డబ్ల్యూ. హూపర్ అనే మద్రాసు సైనికాధికారి తీసిన ఫోటోలు చాలా పుస్తకాల్లో అచ్చయ్యాయి. మీరూ చూసే ఉంటారు. ఎముకల గూళ్లలాంటి మనుషులు వరసగా కూర్చుని, నిలబడి, కెమెరా వైపు చూస్తుంటారు.

ఆ ఫోటోలను "కరువు ఎలా ఉండేది" అని చూస్తాం. ఆ దృశ్యం ఎలా తయారైందని కూడా అడగాలి. అప్పటికి వాడుకలో ఉన్న పద్ధతి తడి పలకే. దాని ముందు మనుషులు కొన్ని సెకన్ల పాటు కదలకుండా ఉండాలి. అంటే ఆకలితో నీరసించినవారిని ఎవరో ఒకచోట చేర్చి, వరసలో కూర్చోబెట్టి, పలక సిద్ధమయ్యేదాకా ఆపి ఉంచారు. ఆ ఫోటోల మీద అప్పటి నుంచీ వివాదం ఉంది. కరువు నిజం. ఆ దేహాల స్థితి నిజం. కానీ ఆ వరస, ఆ నిశ్చలత్వం, సాయం అడగని ఆ చూపు కెమెరా అవసరం కోసం ఏర్పడినవి. కరువులో జనం నిజానికి చేసిన పనులు వేరు. ఊళ్లు వదిలి నడిచారు, గంజి కేంద్రాల దగ్గర తోసుకున్నారు, సహాయ పనుల్లో రాళ్లు కొట్టారు. ఆ కదలికలేవీ తడి పలక మీద నిలవవు. వాటికి నివేదికలు, జనం నోట మిగిలిన కథలు ఆధారం కావాలి.

4. పొడి పలక రాక

తడి పలక కష్టాన్ని తీర్చే దారి చూపించింది ఒక ఔత్సాహికుడే. రిచర్డ్ లీచ్ మాడక్స్ వృత్తిరీత్యా వైద్యుడు. ఈథర్ వాసన ఆయన ఆరోగ్యానికి పడలేదు. దానికి బదులు జెలటిన్ వాడి చూసి, 1871లో ఆ సంగతి ఒక పత్రికలో రాశాడు. 1878లో చార్లెస్ బెన్నెట్ ఆ జెలటిన్ మిశ్రమాన్ని కొన్ని రోజుల పాటు వెచ్చగా ఉంచితే వేగం బాగా పెరుగుతుందని చూపించాడు. దానితో ఎక్స్‌పోజర్ సెకనులో చిన్న వంతుకు దిగింది. లెన్స్ మీది మూత చేత్తో తీసి, లెక్కపెట్టి మళ్లీ పెట్టే రోజులు పోయాయి. సెకనులో పాతికో వంతును మనిషి చెయ్యి కొలవలేదు కాబట్టి యాంత్రికమైన షట్టర్ తప్పనిసరి అయింది. పలకను ఇంట్లోనే తయారు చేసుకునే పని కూడా పోయింది. కొట్లో కొని, తీసి, నెల తర్వాత కడగవచ్చు.

మన వాతావరణంలో దీనికీ ఒక తంటా వచ్చింది. జెలటిన్ వేడి నీళ్లలో మెత్తబడుతుంది. వేసవిలో కుళాయి నీళ్లతో పలక కడిగితే పూత ముడతలు పడి గాజు మీద నుంచి ఊడిపోయేది. పటిక కలిపిన నీళ్లలో ముంచి గట్టిపరచటం, రాత్రి చల్లబడ్డాక కడగటం అప్పటి ఉపాయాలు. పాత గాజు నెగెటివ్ అంచుల్లో వలలాంటి ముడతలు కనిపిస్తే, వేడి నీళ్లలో కడిగారేమోనని ముందుగా అనుమానించండి.

లాలా దీన్‌దయాళ్ (1844–1905) హైదరాబాదులో ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫరుగా చేసిన పని ఈ పొడి పలకల కాలానిదే. సికింద్రాబాదులో ఆయన స్టూడియో పెద్ద సంస్థగా ఎదిగింది. పరదా పాటించే స్త్రీల కోసం 1892లో హైదరాబాదులో ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఆంగ్ల మహిళకు అప్పగించారు. పలక వేగం పెరిగినా స్త్రీలు ఫోటోలోకి రావడానికి అదొక్కటే చాలలేదు. సాంకేతికంగా సాధ్యమైనదంతా సామాజికంగా సాధ్యం కాదన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోండి.

వేగం పెరగటంతో మంచే జరిగిందని కూడా చెప్పలేం. కరువు ఫోటోలు తీసిన హూపర్ 1886లో బర్మాలోని మాండలేలో సైనిక పోలీసు అధికారిగా ఉన్నాడు. అక్కడ బందీలను కాల్చి చంపే సమయంలో, తుపాకులు పేలే క్షణాన్నే పలక మీద పట్టడానికి ఏర్పాట్లు చేసుకున్నాడనీ, అందుకోసం శిక్ష అమలును ఆలస్యం చేశాడనీ ఆరోపణ వచ్చింది. దాని మీద విచారణ జరిగింది. పదేళ్ల కిందట ఆయన ముందు మనుషులు కదలకుండా కూర్చోవలసి వచ్చింది. ఇప్పుడు ప్రాణం పోయే క్షణమే బొమ్మకు వస్తువైంది. ఈ రెంటి నడుమ పాలకుల మనసు ఏమీ మారలేదు, పలక మారింది.

ఇక్కడ విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. పాత ఫోటోల్లో ఎవరూ ఎందుకు నవ్వరు? ఎక్స్‌పోజర్ ఎక్కువసేపు పట్టేది కాబట్టి అని చాలా పుస్తకాలు చెబుతాయి. 1840ల సంగతికి ఆ జవాబు సరిపోతుంది. అప్పటి స్టూడియోల్లో తల కదలకుండా వెనక నుంచి ఇనుప ఊత కూడా పెట్టేవారు. కానీ 1900 నాటికి సెకనులో చిన్న వంతు చాలు. అయినా మన పెళ్లి ఫోటోల్లో వధూవరులు కర్రల్లా బిగుసుకుని నిలబడే ఉన్నారు. 1960లలోనూ అంతే. కాబట్టి ఆ గాంభీర్యానికి పలక కారణం కాదు. ఫోటో అంటే జీవితంలో ఒకటి రెండుసార్లు, డబ్బు పెట్టి, మంచి బట్టలు కట్టుకుని చేసే పని. ఆ పనికి తగిన ముఖం అది. సాంకేతిక కారణం పోయాక కూడా అలవాటు నిలిచిపోతుంది. ఏది యంత్రం వల్ల, ఏది ఆచారం వల్ల అన్నది తేల్చడానికి తేదీ చూడటమే మార్గం.

5. ఎంత వెలుతురు చాలు?

పొడి పలకతో కొత్త చిక్కు మొదలైంది. తడి పలక కాలంలో అక్కడికక్కడే కడిగి చూసుకునేవారు, తప్పయితే మరోసారి తీసేవారు. ఇప్పుడు తప్పు తెలిసేది ఇంటికి వెళ్లాకే. కాబట్టి ఎక్స్‌పోజర్‌ను ముందే లెక్కకట్టాలి. దీన్ని శాస్త్రంగా మార్చినవాళ్లు ఇంగ్లండులో విడ్నెస్ అనే పారిశ్రామిక పట్టణంలో రసాయన కర్మాగారంలో పనిచేసే ఇద్దరు స్నేహితులు, ఫెర్డినాండ్ హర్టర్, వీరో చార్లెస్ డ్రిఫీల్డ్. ఫోటోగ్రఫీ వాళ్ల వృత్తి కాదు, సరదా. పలక మీద ఎంత వెలుతురు పడితే ఎంత నలుపు తేలుతుందో కొలిచి, గీత గీసి, 1890లో ప్రకటించారు. నేటికీ ఫిల్మ్ స్వభావాన్ని చెప్పేది అలాంటి గీతే. అంతకు ముందే, 1888లో, వాళ్లు ఒక లెక్కల సాధనానికి పేటెంటు తీసుకున్నారు. నెల, గంట, వాతావరణం, పలక వేగం చూసుకుని స్కేలు జరిపితే కావలసిన ఎక్స్‌పోజర్ వస్తుంది.

అలాంటి లెక్క ఆ చోటి అక్షాంశం మీద ఆధారపడుతుంది. ఇంగ్లండు ఆకాశానికి గీసిన స్కేలు 17వ అక్షాంశం దగ్గర ఉన్న హైదరాబాదుకు సరిపోదు. దీనికి తేలికైన పరిష్కారం చూపినవాడు ఆల్‌ఫ్రెడ్ వాట్కిన్స్. 1890లో ఆయన తయారుచేసిన మీటరులో ఒక చిన్న రసాయన కాగితం ఉండేది. దాన్ని వెలుతురులో పెట్టి, పక్కనున్న రంగుతో సమానంగా నల్లబడటానికి ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కపెట్టాలి. ఏ దేశమైనా, ఏ కాలమైనా అక్కడి వెలుతురునే అది కొలుస్తుంది. 1932లో వెస్టన్ కంపెనీ వెలుతురు నుంచి విద్యుత్తు పుట్టించే సెలీనియం మీటరును తెచ్చింది. సూది తిరిగిన చోట అంకె చదువుకుంటే చాలు.

మీటరు లేనివాళ్లకు ఒక చేతిలెక్క మిగిలింది. అది ఈనాటికీ పనిచేస్తుంది. మంచి ఎండలో అపెర్చర్ 16 దగ్గర పెట్టి, ఫిల్మ్ వేగం ఎంతో సెకనులో అన్నో వంతు షట్టర్ పెట్టాలి. 100 ఐఎస్‌ఓ ఫిల్మ్ అయితే 100వ వంతు సెకను, కెమెరాలో ఉండే అంకె 125. పలచని మబ్బుకు అపెర్చర్ 11కు, బాగా మబ్బు పడితే 8కి తెరవాలి. మీ ఫోనులో కెమెరాను స్వయంగా సర్దుకునే అమరిక ఉన్నా, లెన్స్ రంధ్రం సాధారణంగా మారదు కాబట్టి అక్కడ షట్టర్‌తోనే ప్రయోగం చేసి చూడండి.

మీటరుకు మతి లేదు. అది చూసిన ప్రతిదాన్నీ మధ్యరకం బూడిద రంగు అనుకుంటుంది. తెల్ల పంచె, తెల్ల తలపాగాతో నిలబడ్డ రైతును తీస్తే తెలుపును బూడిదకు దించేస్తుంది, దానితో ముఖం మరీ నల్లబడుతుంది. వరండాలో వెనక ఎండ పెట్టుకుని కూర్చున్న అమ్మమ్మను తీసినా అంతే. దీనికి మందు ముఖం దగ్గరికి వెళ్లి అక్కడ మాత్రమే కొలవటం, లేదా ఫోనులో ముఖం మీద వేలు పెట్టి వెలుతురు పెంచటం. పాత ఫోటోల్లో శరీరఛాయ గురించి ఏదైనా రాసేముందు ఈ సంగతి గుర్తు తెచ్చుకోండి. రంగుల ఫోటోల కాలంలో కూడా ప్రింటింగ్ యంత్రాలను సరిచూసుకోవడానికి కోడక్ పంపిన నమూనా బొమ్మల్లో ఏళ్ల తరబడి ఉన్నది తెల్లజాతి స్త్రీలే. ఆ ముఖం సరిగ్గా వస్తే అన్నీ సరిగ్గా ఉన్నట్టే అని లెక్క.

6. నల్ల బొట్టు

ఈ భాగంలో మీరు తప్పకుండా పట్టించుకోవలసింది ఇదే. పాఠ్యపుస్తకాల్లో దీని గురించి రాసింది తక్కువ.

తడి పలక గానీ తొలి పొడి పలక గానీ అన్ని రంగుల్నీ సమానంగా చూడవు. నీలాన్ని, ఊదాను బాగా చూస్తాయి. పసుపును సరిగ్గా చూడవు. ఎరుపును అసలు చూడవు. చూడనిది ఫోటోలో నల్లగా పడుతుంది. 1873లో హెర్మాన్ ఫోగెల్ అనే జర్మన్ ఆచార్యుడు పూతలో కొన్ని అద్దకపు రంగులు కలిపితే పలక ఆకుపచ్చనూ పసుపునూ కూడా చూస్తుందని కనిపెట్టాడు. అయినా ఎరుపు మిగిలిపోయింది. అన్ని రంగుల్నీ చూసే పాన్‌క్రోమాటిక్ పలకలు 1906లో ఇంగ్లండులో అమ్మకానికి వచ్చాయి. డబ్బా కెమెరాలు వాడే మామూలు జనానికి ఆ మార్పు చేరటానికి ఇంకా చాలాకాలం పట్టింది. కోడక్ వారి వెరిక్రోమ్ అనే చవక రోలు 1956లో గానీ పాన్‌క్రోమాటిక్‌గా మారలేదు.

ఇప్పుడు ఒక తెలుగింటి స్త్రీ ఆ పాత పలక ముందు కూర్చుందనుకోండి. నుదుట కుంకుమ ఎర్రన, కాబట్టి నల్లబొట్టుగా పడుతుంది. ముఖానికి రాసుకున్న పసుపు నీలం వెలుతురును మింగేస్తుంది, కాబట్టి ముఖం ఉన్నదానికంటే నల్లగా వస్తుంది. ఎర్ర పట్టుచీర నల్లచీర అవుతుంది. లేత నీలం చీర తెల్లచీర అవుతుంది. బంగారం మెరిసే చోట తప్ప మిగతా అంతా ఇత్తడి కంటే చీకటిగా ఉంటుంది.

ఒక సంపర్క తరగతిలో ఒక విద్యార్థిని వాళ్ల ముత్తవ్వ పెళ్లి ఫోటో తెచ్చింది. పెళ్లికూతురు నల్లచీరలో ఉంది. "ఆ రోజుల్లో మా వైపు పెళ్లికి నలుపు కట్టేవారని రాయవచ్చా?" అని అడిగింది. ఆ ప్రాజెక్టు నివేదికలో ఆ వాక్యం చేరి ఉంటే, తర్వాత ఎవరో దాన్ని ఉటంకించేవారు, ఆపైన అది ఆచారంగా స్థిరపడిపోయేది. ఆ చీర దాదాపు ఖాయంగా ఎర్రది. అట్లాగే తెల్లచీరలో ఉన్న ప్రతి స్త్రీనీ వితంతువుగా గుర్తించడం కూడా ప్రమాదమే. లేత నీలం కూడా అలాగే పడుతుంది. ఫోటో వెనక రాత, ఇంట్లోవాళ్ల జ్ఞాపకం, వీలైతే పెట్టెలో దాచిన ఆ చీరే చూసి నిర్ణయించాలి.

7. డబ్బా కెమెరా తప్పులు

1888లో జార్జ్ ఈస్ట్‌మన్ కోడక్ కెమెరాను 25 డాలర్లకు అమ్మాడు. లోపల 100 ఫోటోలకు సరిపడా రోలు. అయిపోయాక కెమెరా మొత్తాన్ని కంపెనీకి పంపితే వాళ్లే కడిగి, కొత్త రోలు వేసి పంపేవారు. 1900లో వచ్చిన బ్రౌనీ ధర ఒక డాలరే. వీటిలో ఎక్స్‌పోజర్ లెక్క అంటూ ఏమీ లేదు. రంధ్రం ఒకటే, షట్టర్ వేగం ఒకటే. మరి బొమ్మ ఎలా పడింది? నెగెటివ్ ఫిల్మ్‌కు ఓర్పు ఎక్కువ. వెలుతురు రెండు మూడింతలు ఎక్కువైనా భరిస్తుంది, కాగితం మీద వేసేటప్పుడు స్టూడియోవాడు సర్దుతాడు. తక్కువైతే మాత్రం నీడల్లో ఏమీ మిగలదు. కాబట్టే పాత ఫిల్మ్‌వాళ్లు కొంచెం ఎక్కువే ఇవ్వమనేవారు. డిజిటల్‌లో ఇది తిరగబడింది. ఎక్కువై తెల్లబారిన చోట మళ్లీ ఏమీ రాదు, కాబట్టి కొంచెం తక్కువే ఇవ్వాలి. ఫిల్మ్ నుంచి డిజిటల్‌కు మారిన పెద్దల ఫోటోలు తెల్లబారడానికి ఈ పాత అలవాటే చాలాసార్లు కారణం.

మన దేశంలో ఆగ్ఫా క్లిక్ 3 కెమెరా ఎన్నో మధ్యతరగతి ఇళ్లకు చేరింది. బరోడాలో తయారయ్యేది. రోలుకు 12 ఫోటోలు. ఎండ బొమ్మ, మబ్బు బొమ్మ చూసి మీట జరపటమే ఎక్స్‌పోజర్ లెక్క. 1960లో స్థాపించిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ ఊటీలో ఇందు పేరుతో ఫిల్మ్ తయారుచేసింది. మీ ఇంటి ఆల్బమ్‌లో చదరపు నలుపు తెలుపు ఫోటోలుంటే అవి ఇలాంటి కెమెరావి కావచ్చు.

వాటిలోని తప్పుల్ని చదవటం నేర్చుకోండి. తలలు తెగిపోయి ఉంటే తీసినవాడు తొందరపాటు మనిషని కాదు. కన్ను పెట్టే కిటికీ ఒకచోట, లెన్స్ మరోచోట ఉంటాయి, దగ్గరికి వెళ్లేకొద్దీ రెండూ చూసేది వేరవుతుంది. బొమ్మంతా ఒకే దిక్కుకు సాగినట్టుంటే చెయ్యి కదిలింది. ఒక పిల్లవాడి చెయ్యి మాత్రమే సాగితే కదిలింది పిల్లవాడు. రెండు బొమ్మలు ఒకదానిపై ఒకటి పడితే రోలు తిప్పటం మరిచారు, అంటే ఆ రెండు సంఘటనలూ ఒకదాని తర్వాత ఒకటి జరిగాయి. తేదీ తెలియని ఆల్బమ్‌లో ఇది ఎంత విలువైన ఆధారమో ఆలోచించండి! గుండ్రని వెలుతురు మచ్చ పదే పదే ఒకే చోట ఉంటే కెమెరా వెనకనున్న ఎర్ర కిటికీని అనుమానించాలి. రోలు అంకె చూడటానికి పెట్టిన ఆ ఎర్ర అద్దం, ఎరుపును చూడని పాత ఫిల్మ్‌కు నిరపాయం. పాన్‌క్రోమాటిక్ ఫిల్మ్ ఎరుపును చూస్తుంది కాబట్టి అదే కిటికీ దానికి చిల్లు అయింది. తర్వాతి కెమెరాల్లో దానికి మూత పెట్టారు.

కోస్తా జిల్లాల్లో ఉండేవారికి ఒక మాట. ఫోటోలన్నీ మసకబారి ఉంటే లెన్స్ లోపల బూజు పట్టి ఉండవచ్చు. ఇంట్లో పాత కెమెరా ఉంటే తోలు సంచిలో మూసి పెట్టకండి, తోలు తేమను పట్టి ఉంచుతుంది. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ సంచులు వేసి ఉంచండి. నెగెటివ్‌లను పారేయకండి. కాగితం ఫోటోలో కనిపించనివి, ప్రింటు వేసినప్పుడు అంచుల్లో కత్తిరించినవి అందులో ఉంటాయి.

8. అభ్యాసం

మీ ఇంట్లో గానీ పొరుగింట్లో గానీ 1970కి ముందు తీసిన ఒక ఫోటోను తీసుకోండి. యజమాని అనుమతి తీసుకుని, ఒక పేజీ మించకుండా కింది అంశాల మీద రాయండి. ఎవరున్నారో ముందు రాయకండి. వెలుతురు ఏ వైపు నుంచి పడింది, నీడల్ని బట్టి అది ఏ పూట, ఏది కదిలింది, ఆకాశం ఎందుకు అలా ఉంది, ఏ చీర ఏ రంగు కావచ్చు అన్నవి మొదట రాయండి. ఆ తర్వాత ఆ ఇంటి పెద్దవారిని అడిగి, మీ ఊహల్లో ఏవి నిలిచాయో, ఏవి తప్పాయో వేరే సిరాతో పక్కనే గుర్తించండి. రెండు సిరాలూ ఉన్న కాగితాన్నే సంపర్క తరగతికి తీసుకురండి, శుభ్రంగా తిరగరాసిన ప్రతి అక్కర్లేదు.